రెఫరీ లేవలేదు

పడటం మాత్రం బాగానే పడ్డాడు. ట్రాయ్ బాస్కమ్ భుజం తగిలీ తగలనట్టు తగలగానే డెల్మర్ ప్రూయిట్ రెండడుగులు వెనక్కి తూలాడు, మోకాళ్ల మీద కూలాడు, ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లు అయ్యో అనుకునేందుకు వ్యవధి ఇవ్వాలి కాబట్టి అక్కడొక్క క్షణం ఆగాడు, ఆ తర్వాత బోర్లా పడి ఎడమ చెంప రింగులో పరిచిన కాన్వాసు గుడ్డకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. రెఫరీ స్పృహ తప్పాడు. ఇరవై రెండేళ్లుగా ప్రతి శనివారం పొద్దున పదకొండింటికి మొదలై పన్నెండున్నరకి ముగిసే ఈ కుస్తీ కార్యక్రమంలో ఇది ఎన్నోసారి స్పృహ తప్పడమో ఎవరికీ గుర్తు లేదు, అతనికీ లేదు. కుర్చీ తగిలి తప్పింది, మోచెయ్యి తగిలి తప్పింది, ఒకసారి ఎవరో విసిరిన కోటు తగిలి కూడా తప్పింది. ఆ రోజు ఇంటికెళ్తే నెల్డా గుమ్మంలోనే నిలబడి, "కోటుకేనా? కోటు తగిలితేనే పడిపోయావా? పక్కింటావిడ ఫోన్ చేసి, మీ ఆయనకేమైనా రక్తం తక్కువా అని అడిగింది, నాకు తల కొట్టేసినట్టయింది" అంది. ఈ కాన్వాసుని ఎవడైనా ఏనాడైనా ఉతికాడా? చెమట కంపు, పాప్‌కార్న్ నూనె, ఎవడో జుట్టుకి దట్టించిన క్రీము, చెంప కింద గరగరలాడుతున్న ఇసుక. స్టూడియోలో ఇసుక ఎక్కణ్ణుంచి వస్తుంది? యాభై నాలుగేళ్ల మనిషి, మనవరాలు పుట్టిన మనిషి, సగం టెనెసీ చూస్తుండగా గోడ మీంచి రాలిపడ్డ బల్లిలా ఇలా అంటుకుపోయి ఉండాలి. ఇదీ ఒక ఉద్యోగమే.

మామూలు రోజైతే ఈ నాలుగు నిమిషాలూ అతనికి విశ్రాంతి. పచారీ సరుకులు గుర్తు చేసుకునేవాడు, కారు టైర్ల గురించి ఆలోచించేవాడు, ఒకసారి నిజంగానే కునుకు పట్టింది కూడా. ఇవాళ కునుకు లేదు. పొద్దున పదింటికి హోయ్ల్ బాస్కమ్, అంటే ఈ కార్యక్రమానికి యజమాని, ఇందాక భుజం తగిలించిన ట్రాయ్‌కి కన్నతండ్రి, అతన్ని తుడుపుకర్రలు పెట్టుకునే గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ గదిలోకి పిలిచినప్పుడే అర్థమైపోవాలి, మంచి మాటలు చెప్పడానికి ఆయనకి ఆఫీసుంది. "డెల్మర్, ఇవాళ రెండు దగ్గర ఆగకు" అన్నాడు. ఏ రెండు సార్, అని అడిగాడు డెల్మర్, అర్థమయ్యే అడిగాడు. "మావాడు మీద పడుకున్నప్పుడు. ఒకటి, రెండు, గబుక్కున మూడు. గంట కొట్టించు. అయిపోతుంది." ఆర్లిస్‌కి తెలుసా అని అడిగాడు. "తెలిస్తే నీతో ఈ బకెట్ల మధ్య ఎందుకు మాట్లాడతానయ్యా?" అన్నాడు హోయ్ల్.

ఆర్లిస్ టాకెట్ అంటే టీవీలో డీకన్ గ్రిమ్స్. నల్ల కోటు, చంకలో కీర్తనల పుస్తకం, చర్చి పెద్దనని చెప్పుకుంటూ ఎదురుగా కూర్చున్న జనాన్ని పాపులారా అని తిట్టిపోసే దుర్మార్గుడు, మూడేళ్లుగా ఛాంపియన్. ఆ పుస్తకంలో ఇనుప రేకు ఉందని చుట్టుపక్కల మూడు రాష్ట్రాల నమ్మకం. ఇవాళ్టి ఏర్పాటు ఏమిటంటే, రెఫరీ పడి ఉన్న నాలుగు నిమిషాల్లో డీకన్ ఆ పుస్తకంతో ట్రాయ్‌ని బాదుతాడు, రెఫరీ లేస్తాడు, ట్రాయ్ ఎలాగో తేరుకుని డీకన్‌ని పడేసి మీద పడుకుంటాడు, కిందివాడి రెండు భుజాలూ నేలకి ఆని ఉండగా రెఫరీ మూడుసార్లు కాన్వాసు మీద చరిస్తే ఓడినట్టు లెక్క, ఒకటి, రెండు, ఆ మూడో దెబ్బ పడబోతుండగా డీకన్ భుజం లేపుతాడు, ఊరు ఊరంతా తల పట్టుకుంటుంది, ఆపైన డీకన్ ఏదో మోసం చేసి గెలుస్తాడు. ఛాంపియన్ బెల్టు నవంబరు దాకా అతని నడుముకే. థాంక్స్‌గివింగ్ పండగ రాత్రి పెద్ద హాల్లో, ఆరు వేల మంది ముందు, పెళ్లాం పిల్లలు కూర్చుని చూస్తుండగా, దాన్ని ట్రాయ్‌కి ఓడి ఇచ్చేస్తానని ఆర్లిస్ మాటిచ్చాడు, అదొక్కటీ నాకు సరిగ్గా చెయ్యనివ్వండి అని హోయ్ల్‌ని అడిగి మరీ ఇచ్చాడు. ఈ వృత్తిలో ఎవరు గెలవాలో ముందే చెప్పుకుంటారు. ఆ చెప్పుకున్న మాట మీదే ఒకడి మెడ తీసుకెళ్లి ఇంకొకడి చేతుల్లో పెడతారు. మాటే లేకపోతే మిగిలేది మెడ విరగడమే. ఇప్పుడేమో ఎవరో ఆర్లిస్‌ని జార్జియాలో అక్కడి కుస్తీ కంపెనీ వాళ్లతో కలిసి భోజనం చేస్తుండగా చూశారట, బెల్టు పెట్టెలో పెట్టుకుని పారిపోతాడేమోనని హోయ్ల్‌కి నిద్ర పట్టడం లేదట. నిద్ర పట్టకపోతే వేడి పాలు తాగాలి గానీ, ఒక మనిషిని కెమెరా ముందు దోచుకుంటారా? పైగా ఆ దోపిడీ నా చేత్తోనా?

నా చేత్తోనే మరి. ఇంకెవరి చెయ్యీ పనికి రాదు. గంట బల్ల పక్కన రాష్ట్ర కుస్తీ కమిషన్ తరఫున మిస్టర్ స్నెడ్ టై కట్టుకుని కూర్చుని ఉంటాడు, లైసెన్సు ఉన్న రెఫరీ లెక్కపెడితేనే లెక్క, లేకపోతే రాసుకోడు. ఆ మహానుభావుడు ఇదంతా నిజమనే అనుకుంటాడో, నిజమనుకున్నట్టు జీతం తీసుకుంటాడో ఇరవై రెండేళ్లలో తేలలేదు. ఉన్న ఇంకో రెఫరీ రింగు సామాను లారీతో తెల్లవారుజామునే పడూకా ఊరికి వెళ్లిపోయాడు. కాబట్టి ఈ చెంప కింద ఇసుకా డెల్మర్‌దే, ఆ మూడో దెబ్బా డెల్మర్‌దే. కొడితే ఆర్లిస్ ఇక తలెత్తుకోలేడు, బెల్టు పోయిందని కాదు, టీవీలో లైవ్‌గా నిలువునా మోసపోయిన వెర్రివాడని ఈ వృత్తిలో ప్రతివాడూ నవ్వుతాడు. కొట్టకపోతే సోమవారం నుంచి డెల్మర్‌కి పని లేదు. అంతే విషయం. ఇందులో ఆలోచించడానికి ఏముందో, నాలుగు నిమిషాలు పడుకోబెట్టి మరీ ఆలోచించమన్నారు.

పైన ఫట్టున చప్పుడైంది, పుస్తకం ట్రాయ్ నెత్తిన పడింది. నూట ఇరవై మంది ఒక్కసారి లేచి నిలబడితే వాళ్లు కూర్చునే చెక్క మెట్లు చేసే మోత. "రెఫరీ చూడలేదు! అయ్యో, రెఫరీకి ఏమీ తెలియదు!" అని మైకులో లైల్ ఫెన్నర్ గొంతు. సాయంత్రం ఇదే స్టూడియోలో ఇదే గొంతుతో రేపు వాన పడుతుందని చెబుతాడు, ఆ వాన ఏనాడూ పడదు, అయినా వాడి మాటకి విలువుంది. రెఫరీకి ఏమీ తెలియదు. రెఫరీకి ఏమీ తెలియదని ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ తెలుసు. మంగలి షాపులో తెలుసు, చర్చిలో తెలుసు. డ్రైవింగ్ లైసెన్సు మార్పించుకోవడానికి వెళ్తే అక్కడి గుమాస్తా, కింది వరస అక్షరాలు చదవండి ప్రూయిట్ గారూ అని, వెనకున్న లైన్ వైపు తిరిగి కన్ను కొట్టింది, లైనంతా పగలబడి నవ్వింది, అక్షరాలన్నీ సరిగ్గా చదివినా నవ్వు ఆగలేదు. అమ్మ సంగతి సరేసరి. అమ్మ దృష్టిలో ఇదంతా నిప్పులాంటి నిజం. ఆదివారం భోజనానికి వెళ్తే కోడికూర గిన్నె బల్ల మీద పెట్టి, గరిటె చేతిలో ఉంచుకుని మొదలుపెట్టేది. "ఒరేయ్ డెల్మర్, పుస్తకం ఆ కోటు కిందే ఉందిరా, ఇక్కడ సోఫాలో కూర్చున్న నాకు కనపడింది, మూడడుగుల దూరంలో నీకు కనపడదేం? మీ నాన్న కళ్లు కూడా ఇంత మొద్దు కావు కదరా!" ఏం చెబుతాడు? అమ్మా, చూడకపోవడమే నా ఉద్యోగం అనా? చెప్పకూడదు. కన్నతల్లికైనా చెప్పకూడదు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద, మనుషుల్ని సరిగా గుర్తుపట్టలేని స్థితిలో, అతని చెయ్యి పట్టుకుని, "వెనక్కి చూడు నాయనా, వెనక్కి చూసుకుంటూ ఉండు" అంది. నర్సు అదేదో దేవుడి మాట అనుకుని కళ్లు తుడుచుకుంది. డెల్మర్ బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాడు, ఏడుస్తూనే విసుక్కున్నాడు, చచ్చేటప్పుడైనా నన్ను నమ్మవు కదమ్మా అని.

ఆ అంత్యక్రియలకి ఆర్లిస్ రాలేదు. రాలేడు. దుర్మార్గుడూ రెఫరీ ఒకచోట కనపడ్డారంటే శనివారం కథ మొత్తం కూలిపోతుంది, అది ఇక్కడి కట్టుబాటు. ఒకే హోటల్లో తినకూడదు, ఒకే కారులో ఎక్కకూడదు, ఎదురుపడితే మొహం తిప్పుకోవాలి. నిజానికి ఆర్లిస్ వారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, కానీ ఈ ఊరి చర్చిలో అడుగుపెడితే ముసలమ్మలు గొడుగులతో పొడుస్తారని రాష్ట్రం దాటి గంటన్నర కారు నడుపుకుంటూ కెంటకీ వెళ్తాడు. అంత్యక్రియల రోజు అందరూ వెళ్లిపోయాక, చీకటి పడే వేళ, శ్మశానం గేటు దగ్గర ఒక టోపీ కనపడింది. వచ్చాడు, కోటు విప్పి రాతి మీద పెట్టాడు, గుంత పూడుస్తున్న ఇద్దరిలో ఒకడి పార అడిగి తీసుకున్నాడు. ముగిసేదాకా మట్టి తోశాడు. చేతులు దులుపుకుంటూ, "మీ అమ్మ నన్ను బాగా తిట్టేదట కదరా" అన్నాడు. "నిన్నెక్కడ తిట్టింది, తిట్లన్నీ నాకేగా" అన్నాడు డెల్మర్. ఇద్దరూ అక్కడ నిలబడి నవ్వారు, గుంత పూడ్చేవాళ్లు వీళ్లకి మతి పోయిందనుకున్నారు. ఏడాదికి ఆరేడుసార్లు చేపలు పట్టడానికి కలిసేవాళ్లు, సూర్యుడు రాకముందే, వేరు వేరు కార్లలో, టోపీలు ముక్కు దాకా దించుకుని, పెళ్లయినవాళ్ల దొంగ వ్యవహారంలా. నెల్డాకి ఒక దశలో అనుమానం కూడా వచ్చింది. ఎవరామె అని అడిగింది. ఆమె పేరు ఆర్లిస్ అని చెప్పాల్సి వచ్చింది.

అలాంటివాణ్ణి. ఒకటి, రెండు, గబుక్కున మూడు. హోయ్ల్ ఎంత సులువుగా అన్నాడు, చిల్లర మార్చినట్టు. ఆర్లిస్ ఆ భుజాన్ని ఎప్పుడు లేపుతాడో ఆయనకి తెలుసా? అందరిలా రెండు పడగానే లేపడు. రెండుకీ మూడుకీ మధ్య ఎంత చోటుంటే అంతా వాడుకుంటాడు, డెల్మర్ అరచెయ్యి కాన్వాసుకి వెంట్రుకవాసి దూరంలో ఉండగా లేపుతాడు. ఎందుకంటే ఆ చెయ్యి ఎంత వేగంగా దిగుతుందో అతని ఒంటికి తెలుసు, ఆ చెయ్యి తనని మోసం చెయ్యదని తెలుసు. జనం ఊపిరి బిగబట్టేది అక్కడే. అంటే దోపిడీకి తలుపు తీసిపెట్టింది ఆర్లిస్ నమ్మకమే. నమ్మకం లేనివాడైతే తొందరపడి లేపేవాడు, బతికిపోయేవాడు. ఛీ.

హోయ్ల్ దగ్గాడు. అది గుర్తు, లేవమని. పన్నెండూ ఇరవై ఒకటి అయి ఉంటుంది. "రెఫరీ కదులుతున్నాడు, రెఫరీకి తెలివొస్తోంది!" అన్నాడు లైల్, డెల్మర్ ఇంకా కదలకుండానే. ఇదే ఈ లైల్‌తో చిక్కు, వాన కంటే ముందే వాన పడిందంటాడు. డెల్మర్ చెయ్యి వేళ్లు కదపబోయాడు. మొదట వేళ్లు, తర్వాత మోచెయ్యి, తర్వాత తల ఊపుకుంటూ పాకడం, ఇరవై రెండేళ్ల అలవాటు, వేళ్లు వాటంతట అవే బయల్దేరాయి. ఆపాడు. వద్దు. అప్పుడు తట్టింది, లేవకపోతేనో? లేవకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే దోపిడీ లేదు, పన్నెండున్నరకి ఎటూ కార్యక్రమం ఆగిపోతుంది, ఆ తర్వాత టీవీలో బౌలింగ్ పోటీలు, ఎవరికోసమూ ఆగవు. స్పృహ తప్పినవాణ్ణి మాట వినలేదని ఎవరనగలరు? మాట వినలేదనడానికి మాట వినపడాలి కదా. జీవితంలో మొదటిసారి ఈ పడకకి ఒక ప్రయోజనం కనపడింది. చెంపని ఇంకాస్త ఇసుకలోకి నొక్కి, నోరు కొంచెం తెరిచి, బాగా సర్దుకుని పడుకున్నాడు.

ధబ్‌మని పక్కనే ఎవరో పడ్డారు, ట్రాయ్ డీకన్‌ని పడేశాడు, పడేసి మీద పడుకున్నాడు. లెక్కపెట్టేవాడు లేడు. సరే, జనం తామే మొదలుపెట్టారు. ఒకటీ! రెండూ! మూడూ! నాలుగూ! మెట్లు తొక్కుతూ, చప్పట్లు కొడుతూ. ఏడూ! ఎనిమిదీ! ముందు వరసలో మిసెస్ ఓలా గొంతు అందరికంటే పైన, ప్రతి శనివారం గొడుగు పట్టుకుని వచ్చే ముసలమ్మ, "లేవరా గుడ్డి సన్నాసీ! లే! పదకొండయింది, ఇంకెప్పుడు లేస్తావ్, క్రిస్మస్‌కా?" నూట ఇరవై మంది లెక్కపెడుతుంటే పడుకుని ఉండటం ఎంత కష్టమో పడుకున్నవాడికే తెలుస్తుంది. ట్రాయ్ వచ్చి భుజం పట్టి ఊపాడు, ఊపి వంగి చెవిలో, "డెల్మర్ అంకుల్, లెండి, నాన్న చెప్పాడుగా" అన్నాడు. అంకులట. ఈ పిల్లాడికి నడుము చుట్టూ టవలు కట్టుకుని ఇంట్లో గెంతే రోజుల్లో పడటం నేర్పింది డెల్మరే. మెడ ముడుచుకో, గడ్డం ఛాతీకి ఆనించు, ఎదుటివాణ్ణి నమ్ము, అని. అంటే వాడికీ తెలుసన్నమాట. తెలిసే ఆర్లిస్ చేతుల్లో ఇందాకట్నుంచీ మెడ పెడుతున్నాడు, ఏ మొహంతో పెడుతున్నాడో. "లేవడం లేదు నాన్నా" అన్నాడు ట్రాయ్, రింగు తాడు దగ్గరికెళ్లి, టీవీలో వినపడేలా. నెత్తిన పుస్తకం పడ్డా ఈ వంశానికి బుద్ధి రాదు.

అప్పుడొక చెయ్యి వచ్చి అతని అరచేతిలో దూరింది. పెద్ద చెయ్యి, వేళ్ల కణుపులు వాచి గట్టిపడ్డ చెయ్యి. ఒక్కసారి నొక్కింది. ఇది ఈ వృత్తిలో ఉన్న ఒకే ఒక్క నిజమైన ప్రశ్న, బాగానే ఉన్నావా అని. తిరిగి నొక్కితే బాగున్నట్టు, ఆట నడుస్తుంది. నొక్కకపోతే ఆట ఆగిపోవాలి. డెల్మర్ నొక్కబోయి ఆగాడు. నొక్కితే ఆర్లిస్ లేచి ఆట సాగిస్తాడు, నేను ఎందుకు లేవడం లేదో తెలియక ఏదో ఒకటి చేసి నన్ను లేపుతాడు, నీళ్లు పోస్తాడు, కాలరు పట్టి నిలబెడతాడు, నిలబడితే లెక్కపెట్టాలి. కాబట్టి నొక్కలేదు. చెయ్యి మళ్లీ నొక్కింది. ఇంకోసారి, గట్టిగా. ఒద్దు ఆర్లిస్, వదిలెయ్, పోయి ఆ పిల్లాణ్ణి ఇంకో నాలుగు బాదు, టైమైపోతుంది. చెయ్యి వదిలింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

"ఆపండి!" అన్న కేక వినపడింది. డీకన్ గొంతు కాదు. డీకన్ గొంతు గుడి గంటలా మోగుతుంది, సాగదీసి సాగదీసి పలుకుతాడు. ఇది కొండల్లో పుట్టినవాడి యాస, గొంతు బొంగురుపోయి, "ఆపండ్రా ఆటని! లైల్, నిజంగా చెబుతున్నా, ఇది ఆట కాదు! డాక్టర్ని పిలవండి, మా డెల్మర్‌కి ఏదో అయింది!" అని. మా డెల్మర్. లైవ్‌లో. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి చూపించి ఉంటాడు, అది అసలు దెబ్బ తగిలినప్పుడే చూపించే గుర్తు, ఎందుకంటే లైల్ నోరు మొట్టమొదటిసారి మూతపడింది. పుస్తకం ఎక్కడో దూరంగా పడ్డ చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. మిసెస్ ఓలా సన్నగా, "ప్రభువా, పాపం ఏడుస్తున్నాడే" అంది. డెల్మర్ మెడ మీద ఏదో వెచ్చగా పడింది, చెమట అనుకున్నాడు, చెమట అలా ఒక్కొక్క బొట్టూ పడదు.

ఓరి మూర్ఖుడా. ఓరి పిచ్చి వెధవా. ఇరవై రెండేళ్లు. ఇరవై రెండేళ్లు ఎక్కడా నవ్వకుండా, ఒక్క పిల్లాడికీ ఆటోగ్రాఫ్ ఇవ్వకుండా, రోడ్డు మీద ముసలమ్మ పడిపోతే లేపబోయి చుట్టూ చూసి ఆగిపోయి, ఆ రాత్రంతా బాధపడి, ఊళ్లో పలకరించే మనిషి లేకుండా కట్టుకున్న దుర్మార్గం, ఒక్క నిమిషంలో కన్నీళ్లతో కడిగేశాడు. రేపట్నుంచి వీణ్ణి ఎవరు తిడతారు? ఏడ్చిన దుర్మార్గుణ్ణి ఏ కంపెనీ పెట్టుకుంటుంది? బెల్టు పోకుండా చూద్దామని పడుకుంటే అసలు మనిషే పోయాడు, అదీ నా మూలంగా. ఇంత బాగా పడమని నాకెవరు చెప్పారు? కొంచెం చెడ్డగా పడి ఉంటే ఆర్లిస్‌కి అనుమానం వచ్చేది కదా. కళ్లు తెరిస్తే ఒక గొయ్యి, తెరవకపోతే ఇంకో గొయ్యి. లేవలేడు, పడుకోలేడు. మెట్లు దిగి వస్తున్న హోయ్ల్ బూట్లు, మిస్టర్ స్నెడ్ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు, ఎవరో స్ట్రెచర్ అంటున్నారు. ఆర్లిస్ మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి ఆడుతోందో లేదోనని చెవి తెచ్చి అతని నోటి దగ్గర పెట్టాడు. పెదవులు కదపకుండా మాట్లాడటం రెఫరీ పని, ఇరవై రెండేళ్లుగా ఒకడి మాట ఇంకొకడికి అలాగే మోశాడు. ఇప్పుడూ మోశాడు. "హోయ్ల్ మూడు కొట్టమన్నాడు. నీకు చెప్పకుండా."

చెవి అక్కణ్ణుంచి కదల్లేదు. ఆర్లిస్ ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుని, మెల్లిగా వదులైంది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను. ఏడుపు ఆపు."

"చచ్చావనుకున్నానురా దరిద్రుడా. నెల్డాకి ఏం చెప్పాలా అనుకుంటున్నా" అన్నాడు ఆర్లిస్, అతని జుట్టు సవరిస్తున్నట్టు వంగి. "దానికా ఇలా పడుకున్నావ్?"

"మరేం చెయ్యను? ఇంకో మూడు నిమిషాలు ఏడువు. టైమైపోతుంది."

"అయిపోయాక? సోమవారం నుంచి నీకు పనేది? నాకు జార్జియా ఉంది."

ఈసారి కళ్లు తెరవకుండా ఉండటానికి డెల్మర్‌కి ఉన్న బలమంతా కావాల్సి వచ్చింది. "అంటే నిజమేనా? వాళ్లతో తిన్నావా?"

"తిన్నా. నవంబర్లో బెల్టు ఇక్కడ ఇచ్చేసి పోదామని. చేపల దగ్గర చెబుదామనుకున్నా, నువ్వేమో ఆ రోజంతా టైర్ల గురించి మాట్లాడావ్." ఆర్లిస్ ముక్కు ఎగబీల్చాడు. "కుస్తీవాడు ఎక్కడికైనా పోతాడురా. ఊరంతా గుడ్డివాడనుకునే రెఫరీని ఎవడు పెట్టుకుంటాడు? నన్ను లేవనీ. నేను లేచాక నువ్వు లే. లేచి లెక్కపెట్టు."

"పెట్టను."

"దొంగిలిస్తే తప్పు. నేను ఇస్తున్నా."

అని లేచాడు. లేచి ఏం చేశాడో డెల్మర్ చూడలేదు, విన్నాడు. ముందు నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో నవ్వు, లోతుల్లోంచి, సాగదీసిన, గంటలా మోగే నవ్వు. డీకన్ నవ్వు. "పాపులారా! నాతో కలిసి ఏడ్చారా? నా కోసం ప్రార్థన చేశారా? వెర్రి గొర్రెల్లారా, ఈ గుడ్డివాడి కోసం నేను ఏడుస్తానా? లే, సోమరీ!" అని బూటు తెచ్చి డెల్మర్ డొక్కలో తన్నాడు, తగిలీ తగలనట్టు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచిన హోరు ఈ స్టూడియోలో ఇంతకు ముందెప్పుడూ లేవలేదు. పాప్‌కార్న్ డబ్బాలు, చెప్పులు, ఎవరిదో తాళంచెవుల గుత్తి, అన్నీ వచ్చి పడ్డాయి. మిసెస్ ఓలా గొడుగు కొత్తది, అది కూడా వచ్చి పడింది. "నా కన్నీళ్లు! నా కన్నీళ్లు తిరిగివ్వరా పిశాచీ!" అని ఆవిడ అరుస్తోంది, లైల్ గొంతు తిరిగొచ్చి, ఇంతటి నీచుణ్ణి నా జీవితంలో చూడలేదని నిజంగా వణుకుతోంది, హోయ్ల్ బూట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డెల్మర్ వేళ్లు కదిపాడు. మోచెయ్యి మీద లేచాడు. కళ్లు తెరిస్తే లైట్లకి నీళ్లు వచ్చాయి, లైట్లకే వచ్చాయని ఇంటికెళ్లి నెల్డాకి చెప్పాలి.

డీకన్ గ్రిమ్స్ జనం వైపు తిరిగి చేతులు చాచి, తిట్లన్నీ దీవెనల్లా అందుకుంటూ నిలబడి ఉన్నాడు, వీపు ట్రాయ్ వైపు పెట్టి. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎవరికీ వీపు పెట్టనివాడు. ట్రాయ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. రారా మొద్దూ, అనుకున్నాడు డెల్మర్, వెనక నుంచి పట్టుకో, ఇంతకంటే ఎలా ఇస్తారు? ట్రాయ్ వచ్చాడు, నడుము పట్టి వెనక్కి లాగాడు, సగం లాగి తడబడ్డాడు. మిగతా సగం ఆర్లిసే పడ్డాడు, వెల్లకిలా, రెండు భుజాలూ ఆనేలా, పడుతూ పడుతూ ఎవరికీ కనపడని వైపు నుంచి పిల్లాడి బూటు పట్టి వాణ్ణి తన మీదికి లాక్కున్నాడు, వాడికి దెబ్బ తగలకుండా తల వెనక చెయ్యి అడ్డం కూడా పెట్టాడు. గోడ గడియారంలో నిమిషం మిగిలింది. డెల్మర్ మోకాళ్ల మీద పాకి వెళ్లి, చెంప కాన్వాసుకి ఆనించి భుజం కిందకి చూశాడు. ఆనే ఉంది. చెయ్యి ఎత్తి కొట్టాడు. ఒకటీ, అని స్టూడియో అంతా అంది. మళ్లీ ఎత్తాడు, అలవాటైన వేగం కాదు. రెండూ. మూడోసారి ఎత్తి, అక్కడే ఉంచేశాడు. లెక్కపెట్టే రెఫరీ ఇంతసేపు చెయ్యి గాల్లో ఉంచకూడదు, అది లెక్క కాదు, మిస్టర్ స్నెడ్ రాసుకుంటాడు, రాసుకోనీ. నూట ఇరవై మందీ సగం పలికిన మాట నోట్లో పెట్టుకుని ఆగారు. లే ఆర్లిస్. ఎంత చోటు కావాలో అంతా తీసుకో, సాయంత్రం దాకా తీసుకో. ఒక్క భుజం, ఒక్క అంగుళం. ఆర్లిస్ పైన లైట్ల వైపు చూస్తూ పడుకున్నాడు, అలిసిపోయిన మనిషి తన మంచం మీద పడుకున్నట్టు.

"కానీరా" అన్నాడు పెదవులు కదపకుండా.

డెల్మర్ చెయ్యి దించాడు.